ఫొటోలో మూలనున్న అమ్మాయి

“ఈ మూలనున్న అమ్మాయి ఎవరు మాస్టారూ?”

అడిగినామెది యూనివర్సిటీ పాత ఫొటోలకు వివరాలు రాసి భద్రపరిచే పని. మనుషుల్ని గుర్తుపట్టడానికి, ఒకప్పుడు తనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్‌నే ఇష్టంగా పిలిపించుకుంది. ఆయన తన బ్యాచ్ మగపిల్లల పేర్లన్నీ గడగడా అప్పజెప్పాడు.

ఆ మూలకొచ్చేసరికి నవ్వాడు. “కప్ప! తర్వాత మాలో మేం అలాగే చెప్పుకునేవాళ్ళం. మా జంతుశాస్త్రం క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. ప్రతి పరీక్షలో తనే ఫస్టు. మాకు ఒళ్ళు మండి, ఓ రోజు కోసిన కప్పని దాని అన్నం డబ్బాలో కలిపేశాం. చూసుకోకుండా ముద్ద నోట్లో పెట్టేసుకుంది!”

ఆమె ఫొటో మీంచి తలెత్తింది. “కలిపిందెవరు?”

“ఇంకెవరు, నేనే. మర్నాటినుంచి అది మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు. ఆ ఏడు ఫస్టు నాకొచ్చింది.”

“ఆవిడ అసలు పేరు?”

“ఎవరికి గుర్తుంటుందమ్మా? ఇంతకీ ఈ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టించు. నేను బాగా పడ్డాను.”

ఆ మొహంలో కాస్తయినా సిగ్గు కనిపిస్తుందేమోనని ఆమె చూసింది. ఆయన తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

‘ఈమె పేరు వెతకాలి. ఈమె అన్నంలో కోసిన కప్పను కలిపి, చదువు మాన్పించిన వ్యక్తి’ అని ఫొటో వివరాల కాగితంలో రాసి, పక్కనే ఆయన పూర్తి పేరు రాసింది.

ఆయన తొంగిచూసి కంగారుపడ్డాడు. “ఏదో కుర్రతనం, సరదాకి చెప్పానమ్మా! కొట్టెయ్!”

“మీ పేరులో తప్పులేమైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను,” అంటూ ఆమె కాగితం ఆయనవైపు తిప్పింది.