వెనక సీటు

"ముందు ఏముందో చెప్పు," అన్నాడు వెనక సీటు మీదున్న దర్జీ.

రెండు సీట్ల సైకిలు. హ్యాండిలూ బ్రేకులూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ఆ చేతులే ఆమె మాట వినడం లేదు.

"చెట్లు. బెంచీ. బెంచీ దాటాక ఒకావిడ, చంటిపిల్లను బండిలో తోసుకెళుతోంది."

"ఎంత దూరం?"

"ఇరవై బారలుంటుంది బాబాయ్."

"ఇంకేం, చొక్కా కుట్టి బొత్తాలు కూడా పెట్టొచ్చు. తొక్కు."

కంటబడింది కంటబడ్డట్టు పైకి చెబుతుంటే భయం నోరు మూసుకుంటుందని ఆయన సిద్ధాంతం. అది నోరు మూసుకోలేదు గానీ, కాస్త గొంతు తగ్గించింది.

కాలవగట్టు మీది ఈ దారి నడిచేవాళ్లదీ, సైకిళ్లదీ కూడా. ఒకప్పుడు ఆమె రోజూ ఇటే ల్యాబుకు వెళ్లేది. ఆలస్యమైతే లేచి నిలబడి తొక్కేది. ఎదర మనిషి కనబడితే గంట కొట్టేదే తప్ప వేగం తగ్గించేది కాదు. గంట కొట్టాక తప్పుకోవడం వాళ్ల పని అనుకునేది. ఒక ముసురుపట్టిన పొద్దున అలాగే కొట్టింది. ఆ మనిషి తప్పుకున్నాడు, ఆమె సైకిలు తిప్పిన వైపుకే. తల రాతిగట్టుకు తగిలిన చప్పుడు ఇప్పటికీ ఆమెను నిద్రలోంచి లేపుతుంది.

తర్వాత సైకిలు ముట్టుకోలేదు. వీధిలో సైకిలు గంట వినబడినా గోడకు అతుక్కుపోయేది. భయాన్ని మడతపెట్టి దాచుకుంటే చిమ్మటలు మిగతా బట్టల్నీ తినేస్తాయని దర్జీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. చివరికి ఈ సైకిలు అద్దెకు తెప్పించాడు. ఈ పూట మధ్యలో దిగిపోతే జన్మలో మళ్లీ ఎక్కలేనని ఆమెకు తెలుసు.

వెనకనుంచి మరో సైకిలు రివ్వున వాళ్లను దాటి, చంటిపిల్ల బండిని రాసుకుంటూ పోయింది. తల్లి ఉలిక్కిపడి బండిని దారికి అడ్డంగా తిప్పేసింది.

ఆమె కాళ్లు కొయ్యబారాయి. ఇంకా ఏమీ జరగకముందే ఆ చప్పుడు చెవుల్లో వినబడింది.

"ఏమైంది?" దర్జీ గొంతు సన్నబడింది. "నోరు విప్పమ్మా."

"పిల్ల బండి... అడ్డమొచ్చింది."

"అయితే ఆగు. మనకేం కొంపలు మునిగిపోవడం లేదుగా."

బ్రేకులు నొక్కింది. కాలు నేలకు ఆనింది. గంట జోలికి పోలేదు. మీరు వెళ్లండి, మేం ఆగుతామని ఆ తల్లితో చెప్పింది. తల్లి తేరుకుని బండిని పక్కకు జరుపుకునేదాకా ఆగి, నడక కన్నా నెమ్మదిగా సైకిలును దాటించింది. పాప పిడికిలి నోట్లో పెట్టుకుని వీళ్లనే చూస్తోంది.

"దాటామా?"

"దాటాం బాబాయ్."

వెనకనుంచి పెద్ద నిట్టూర్పు వినబడింది. ఆయనా ఇంతసేపూ తనలాగే బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

దారి చివర ఆమె ముందుగా దిగి, ఆ ముసురు పొద్దున తన సైకిలు కింద పడి చూపు పోగొట్టుకున్న మనిషి చేతికి తెల్లకర్ర అందిస్తూ, "నెమ్మదిగా దిగు బాబాయ్," అంది.