గడియారం అడిగిన మనిషి

"ఆ గడియారం నాకిచ్చేస్తావా అప్పా?"

బెళ్ళందూరు అపార్ట్‌మెంట్ల లోపల నడకబాట మీద ఒక ముసలాయన కౌశల్‌ను అడిగిన మొదటి మాట అది.

కౌశల్ ఆగకుండా పరిగెత్తాడు. వెనక నడుస్తున్న భార్య వరూధినికి నవ్వొచ్చింది.

ఛాతీకి కట్టుకున్న పట్టీ గుండె కొట్టుకోవడాన్ని పసిగడుతుంది. నిమిషానికి ఎన్నిసార్లో గడియారం చూపిస్తుంది. దాన్ని కౌశల్‌కు అమ్మింది ఆఫీసులో పనిచేసే వనజ.

"మా ఆయనది. ఇంట్లో ఎవరూ కట్టుకోవడం లేదు" అంది. కౌశల్ ఇంకేమీ అడగలేదు.

"రెండొందల ఇరవైలోంచి వయసు తీసెయ్" అని వరూధినికి లెక్క చెప్పాడు. "నాకు నలభై. అంటే నూట ఎనభై. అందులో ఎనభై శాతం, నూట నలభై నాలుగు. అక్కడిదాకా వెళ్తేనే ఎక్సర్‌సైజ్."

ఎంత పరిగెత్తినా అంకె నూట పద్దెనిమిది దాటలేదు.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. మలుపు దగ్గర నిలబడి, కౌశల్ రాగానే పక్కన నాలుగడుగులు వేసేవాడు.

"ఏమప్పా, ఏమి టిఫన్ తిన్నావు?"

కౌశల్ రొప్పుతున్నాడు.

"అంకె సంగతి ఇడిసిపెట్టు. నోట్లో మాట ఉండాదా లేదా, అది చూసుకో. మాట రాలేదంటే నిదానంగా పోవల్ల."

"మీకేం పని లేదా అంకుల్?"

"ఉండాది. ఆ గడియారం అడిగేదే నా పని."

ఇంటికొచ్చాక కౌశల్ అన్నాడు: "కన్నంతా దీని మీదే. ఏదో ఒకరోజు లాక్కుపోతాడు."

వాచ్‌మన్‌కు చెప్పి, బయటివాళ్ళను లోపలికి రానివ్వొద్దన్నాడు.

మర్నాడు పాలకు వెళ్ళిన వరూధినికి ముసలాయన గేటు బయట కనబడ్డాడు.

"నువ్వన్నా చెప్పమ్మా. అది కట్టుకోవద్దని చెప్పు."

"మీరింకోటి కొనుక్కోండి తాతా."

వాచ్‌మన్ నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

అంకె ఎందుకు లేవడం లేదో ఆ వారంలోనే కౌశల్ కనిపెట్టాడు.

"నేను రోజూ వేసుకునే బీపీ మాత్ర. అదే గుండెను లేవనివ్వడం లేదు. నెట్‌లో చదివాను."

"డాక్టర్ని అడగరాదూ?"

"అడిగితే మానొద్దంటాడు."

మానేశాడు.

అంకె లేచింది. "నూట నలభై ఎనిమిది!" అని మలుపులోంచి అరిచాడు. వరూధిని చప్పట్లు కొట్టింది.

శనివారం ఉదయం అదే మలుపులో పడిపోయాడు.

ఆస్పత్రి చేరేసరికి ప్రాణం లేదు.

"ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపకూడదమ్మా" అన్నాడు డాక్టర్. "పగ్గం తెంపినట్టవుతుంది. పైగా అది వేసుకునేవాళ్ళకు ఆ రెండొందల ఇరవై లెక్క పనికిరాదు."

"మరి ఎంత పరిగెత్తాలో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"పరిగెడుతూ మాట్లాడగలిగినంత. అంతే."

నర్సు గడియారాన్ని కవరులో పెట్టి ఇచ్చింది.

పదకొండో రోజున వనజ పరామర్శకు వచ్చింది. బల్ల మీద గడియారం చూసి ఏడ్చింది.

"మా ఆయన కూడా దీన్ని చూసుకుంటానే పరిగెత్తి, పడి చనిపోయినాడక్కా. నేను చెప్పలేదు. కంటి ముందర ఉంచుకోలేక అమ్మేసినా."

వరూధిని ఆమె ముఖంలోకి చూసింది. తిట్టడానికి ఓపిక లేదు.

"అమ్మినానని తెలిసినాక మా మామ ఎవరికిచ్చినావని ఒక్క మాట అడిగినాడు, చెప్పినా. ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడింది లేదు."

అప్పుడే వాచ్‌మన్ గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, ఆ ముసలాయనే. ఎంత చెప్పినా పోవడం లేదు."

"రానీ."

ముసలాయన గడప దాటలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. వరూధిని లేచి గడియారం తీసి ఆయన ముందు పట్టుకుంది.

"తీసుకోండి తాతా."

ఆయన చెయ్యి చాపలేదు.

వనజ గోడ పట్టుకుని లేచి, "దినామూ మన ఆనేకల్ నుంచి తొలి బస్సుకు పోయేది మీ కొడుకు గడియారం కట్టుకున్న మనిషి కోసమా మామా?" అంది.