ఇంటి భాష

“పెద్దావిడకి మా భాష రాదా?” అని అడిగాడు రేవు గుమాస్తా.

“రాదండీ,” అన్నాడు పెంకుల బట్టీ యజమాని.

పక్కనే నిలబడ్డ అతని కూతురు తెల్లబోయి తండ్రి వంక చూసింది. ఆమె ఆ ఊరి బడిలో పంతులమ్మ. ఊరివాళ్ళ పిల్లలకి ఊరి భాషే నేర్పేది. నాయనమ్మకి ఆ భాష రాకపోవడమేమిటి? సంతలో ఆవిడ బేరం మొదలుపెడితే, అమ్మేవాడు తట్ట ఎత్తుకుని పక్క వీధికి పోయేవాడు.

పంతులమ్మ ఏదో అనబోయింది. నాయనమ్మ ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

“ఇన్నాళ్ళు మా నీళ్ళు తాగి నాలుగు ముక్కలు నేర్చుకోలేకపోయిందన్నమాట,” అన్నాడు గుమాస్తా, నేరుగా ఆవిడ మొహంలోకి చూస్తూ.

“ఏమంటున్నాడ్రా?” అని కొడుకుని ఇంటి భాషలో అడిగింది నాయనమ్మ, ఏమీ ఎరగనట్టు.

గుమాస్తా విసుక్కుని ముద్ర కొట్టేశాడు.

పంతులమ్మ ముత్తాత దిగింది కూడా ఆ రేవులోనే. కట్టుబట్టలతో, చంకలో పెంకుల అచ్చుతో దిగాడని చెప్పుకునేవారు. అప్పటికి ఊళ్ళో అన్నీ రెల్లు కప్పులే. ఆయన ఏటి ఒడ్డు మట్టి చేత్తో పిసికి చూసి, ఇక్కడే ఉండిపోదాం అన్నాడట. తాత బట్టీని పెద్దది చేశాడు. తండ్రి దానికి పొగగొట్టం కట్టించాడు. పంతులమ్మ దాకా వచ్చేసరికి కలలు కూడా ఊరి భాషలోనే వచ్చేవి. ఇంతలో ప్రభుత్వం మారింది. ఓడల్లో వచ్చినవాళ్ళ సంతతి ఓడల్లోనే పోవాలని చాటింపు వేశారు. ఇళ్ళ మీది పెంకులు ఊరివైపోయాయి. వాటిని కాల్చినవాళ్ళు పరాయివాళ్ళైపోయారు.

ఆ ఇంట్లో ఇంటి భాషకి కాపలా నాయనమ్మే. భోజనాల దగ్గర ఊరి మాట ఒక్కటి దొర్లితే చాలు, “లేచెళ్ళి నాలుక కడుక్కుని రా” అనేది. పొడుపు కథలూ, సామెతలూ, ఒకటో రెండో మంచి తిట్లూ అన్నీ పంతులమ్మకి ఆవిడ నోటి నుంచి వచ్చినవే.

“మా అత్తగారు నాకు నేర్పారు, నేను నీకు నేర్పుతున్నా. నీ దగ్గర ఆగిపోయిందంటే ఊరుకోను,” అనేది.

పుట్టింటి సంగతి ఎత్తితే మాత్రం, “దూరంలే, ఎవరూ లేరు” అని కొట్టిపారేసేది. ఓడల్లో వచ్చినవాళ్ళందరికీ పుట్టిళ్ళు దూరమే కాబట్టి పంతులమ్మ ఎప్పుడూ తరచి అడగలేదు.

ముద్ర పడ్డాక వాళ్ళు కంచె పక్కనుంచి ఓడ వైపు నడిచారు. అక్కడ దర్జీ ఒక్కడే నిలబడి ఉన్నాడు, చంకలో పసిదానితో. అతని భార్య ఇక్కడి పిల్ల. మా రక్తాన్ని బయటికి పంపేది లేదని అంతకుముందే ఆమెని వరసలోంచి లాగి కంచె అవతలికి నెట్టేశారు. పసిది తల్లి వైపు చేతులు చాస్తోంది. చూడలేక పంతులమ్మ తల దించుకుంది.

“అక్కా! అక్కా, ఇటు చూడు!”

ఊరి భాషలో పిలుపు. కంచె అవతల జనంలోంచి పాలావిడ తోసుకుంటూ వస్తోంది. పంతులమ్మకి ఊహ తెలిసినప్పటి నుంచీ రోజూ పొద్దున్నే వాళ్ళ పెరటి గుమ్మంలో కూర్చునేది ఆవిడే. పాలల్లో నీళ్ళు కలిపావని నాయనమ్మ, నీళ్ళల్లోనే పాలు కలిపానని ఆవిడ... ఎండెక్కేదాకా తెగని తగువు.

“నాయనమ్మా, పాలావిడ పిలుస్తోంది.”

“ఎవరో ఏమో. నడు.”

“ఎవరో ఏంటి?” పంతులమ్మ చెయ్యి ఊపబోయింది. తండ్రి ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాడు.

పాలావిడ కంచె పట్టుకుని వాళ్ళతోపాటే నడిచింది. కంచె మలుపు తిరిగిన చోట దారి లేక ఆగిపోయి, అక్కడే నేల మీద చతికిలబడింది. నాయనమ్మ తల తిప్పలేదు. మెడ బిగించుకుని, పైటకొంగు పిడికిట్లో పట్టుకుని ఓడ మెట్లెక్కేసింది.

ఓడ కదిలింది. జనమంతా అంచు దగ్గర చేరి ఒడ్డు వైపు చూస్తూ ఏడుస్తున్నారు. నాయనమ్మ మాత్రం ఒడ్డుకి వీపు పెట్టి మూట మీద కూర్చుంది. పంతులమ్మ ఇక పట్టలేకపోయింది.

“నీకు జ్వరమొస్తే మంచం దిగనివ్వకుండా చూసుకుందావిడ. వాళ్ళ ప్రభుత్వం చేసినదానికి ఆవిడేం చేస్తుంది? ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే నీ సొమ్మేం పోయేది? ఇంత రాతిగుండె ఏంటి నాయనమ్మా నీది?”

“అమ్మని ఏమీ అనకు,” అన్నాడు తండ్రి. “ఉండిపోమ్మా అని కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు.”

“ఉండిపోవడమేంటి నాన్నా? మనల్ని ఎవరు ఉండనిస్తారు?”

తండ్రి తన తల్లి వంక చూశాడు.

నాయనమ్మ అప్పుడు మెల్లగా వెనక్కి తిరిగింది. ఒడ్డు మీద మనుషులు ఆనడం లేదు. అయినా చాలాసేపు అటే చూసింది. తర్వాత మనవరాలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పొద్దుటినుంచీ బిగబట్టుకున్న ఊరి భాష ఇప్పుడు ఆవిడ నోట్లోంచి ఏ యాసా లేకుండా వచ్చింది.

“తిరిగితే ఏడ్చేదాన్నే పిల్లా. ఏడిస్తే నన్ను దింపేసేవాళ్ళు, మీరు నాకు లేకుండా పోయేవాళ్ళు.”

పంతులమ్మకి అర్థం కాలేదు.

“అది నా తోడబుట్టిన చెల్లెలు.”