కుదరని ముక్కు

ఆ రోజు జూన్ పద్నాలుగు, శనివారం. మధ్యాహ్నం జడ్సన్ తిన్నది ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర. ఎదురింటి ప్రమీలమ్మ పంపింది. చేపల వేట నిషేధం రోజుల్లో మైపాడులో ఏ ఇంట్లో అడిగినా అదే కూర.

సాయంత్రం ఆమె వచ్చి, అలవాటుగా తలుపు మీది పేరు పలకను కొంగుతో తుడిచింది. ఉప్పుగాలికి అది రోజూ మసకబారుతుంది. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

"బిన్నా గీయండి, ఆలస్యం చేయబాకండి. ఇయ్యాల్టితో నిషేధం అయిపోతుంది. సోమవారం నుంచి దరికి పోవాల, చేపలెత్తుకుని నెల్లూరు బస్సెక్కాల. ఇట్టా కూర్చునేదానికి ఇంక నాకు కుదరదు."

జడ్సన్ పెన్సిల్ చెక్కుతూ తలూపాడు.

ఒక మ్యూజియం వాళ్ళు కుటుంబాల కోసం ఆన్‌లైన్లో పెట్టిన బొమ్మల క్లాసు అది. ఇంట్లో ఒకరు కూర్చోవాలి, ఇంకొకరు గీయాలి. జడ్సన్ ఇంట్లో ఉండేది ఒక్కరే. అందుకే ప్రమీలమ్మను బతిమాలాడు. బొమ్మ కుదిరేదాకా వస్తానని ఆమె మాటిచ్చింది. వేసవి అంతా గడిచింది, బొమ్మ కుదరలేదు.

ఫోన్‌లో టీచరమ్మ సుప్రియ కనిపించింది.

"జడ్సన్ గారూ, గూడూరు పాప వాళ్ళ అవ్వ బొమ్మ పూర్తి చేసేసింది. మీరింకా ముక్కు దగ్గరే ఉన్నారు."

"ముక్కు కష్టమమ్మా."

"మీ వెనక గోడ మీద పెన్సిల్ బొమ్మ ఎవరిదండీ? నవ్వబోతున్నట్టే ఉంది."

"మా ఆవిడ ఎలిశబెతు. ఎవరో బడిపంతులు వేసినాడు లేమ్మా," అంటూ జడ్సన్ ఫోన్‌ను పక్కకు తిప్పాడు.

ప్రమీలమ్మకు ఎందుకో దగ్గొచ్చింది.

క్లాసు ముగిసింది. పూర్తి కానివాళ్ళు వచ్చే శనివారం నుంచి కొత్త బ్యాచ్‌లో చేరవచ్చని చెప్పి సుప్రియ సెలవు తీసుకుంది.

ప్రమీలమ్మ లేచి కాగితం చూసింది.

"ఇది నేనా? వంజరం చేపకి కొప్పు పెట్టినట్టుంది."

"వెలుతురు చాల్లా."

"పోయిన వారం తప్పు కుర్చీ మీదకి నెట్టినారు." ఆమె ఇంకా వంగి చూసింది. "చెవి మాత్రం నాదే. కమ్మతో సహా దిగింది."

జడ్సన్ ఉలిక్కిపడి చూశాడు. నిజమే, మాటల్లో పడి ఏమరుపాటున గీశాడు. రబ్బరు తీసుకుని చెవిని చెరిపేశాడు.

"అదీ కుదర్లా," అన్నాడు తల ఎత్తకుండా.

ప్రమీలమ్మ కాసేపు గోడ మీది ఎలిశబెతు వైపు చూసింది. తర్వాత కూర గిన్నె చేతిలోకి తీసుకుంది.

"శనివారాలు చేపల బుట్ట మా అమ్మాయి షారన్‌ని ఎత్తుకోమంటాలే. నేను సందేళకి వొస్తా."

"మళ్ళీ కుదరకపోతే?"

"ఆ పై వారం వొస్తా. మాటిచ్చినాక తప్పుతుందా? తొందరేం పడబాకండి."

గడప దాటి, పేరు పలకను కొంగుతో ఇంకోసారి తుడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

పలక మీద ఉంది: 'జడ్సన్, రిటైర్డ్ డ్రాయింగు మాస్టారు.'