ఇంకొక్క ఓటు

పక్కగది తలుపు పొద్దుటి నుంచీ మూతపడలేదు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. బెనిగ్నా గది తలుపు మాత్రం నెల రోజులుగా ఎవరూ తట్టలేదు.

పక్కగది క్లే థార్న్‌బీది. మొన్న జనవరిలోనే వ్యోమింగ్ నుంచి గెలిచి వాషింగ్టన్ వచ్చాడు. బెనిగ్నా పసిఫిక్‌లో అమెరికా ద్వీపమైన గువామ్ నుంచి గెలిచి వచ్చి పన్నెండేళ్లు దాటింది.

“ఏమిటక్కా ఆ సందడి?” అన్నాడు నాసియో. అతను ఆమె పిన్ని కొడుకు. ద్వీపం నుంచి వచ్చి ఆమె ఆఫీసులో చేరి మూడు వారాలైంది.

“ఓటు అడగడానికి వచ్చారు. పార్టీ విప్ స్వయంగా వచ్చాడు. చేతిలో డోనట్ల పెట్టె కూడా ఉంది.”

“మన దగ్గరికి రారేం?”

“మనకి తీపి పడదనుకున్నారేమో.”

నాసియో నవ్వాడు. ఆమె నవ్వలేదు. వ్యోమింగ్‌లో మనుషులకంటే ఆవులే ఎక్కువ. అయినా అంత ఖాళీ రాష్ట్రానికి పైసభలో ఇద్దరున్నారు. ఇక్కడ కింది సభలో ఇతనున్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు తుమ్మినా టీవీవాళ్లు మైకులు పెడుతున్నారు.

ఆ మధ్యాహ్నమే ఆమె సవరణ మీద ఓటింగ్. గువామ్‌లో మాజీ సైనికులకు పెద్ద ఆసుపత్రి కట్టించాలన్నది సవరణ. ఆమె తమ్ముడు కికో యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. పెట్టుడు కాలు కాస్త సడలినా చాలు, ఎనిమిది గంటలు విమానంలో కూర్చుని హవాయి వెళ్లాలి. కిందటిసారి తిరుగుప్రయాణంలో పుండు పడి నెల్లాళ్లు మంచం దిగలేదు.

నాసియో కాగితం ముందు పెట్టాడు. “మూడుసార్లు లెక్కేశానక్కా. నీ ఓటుతో కలిపి మనకు రెండువందల పద్నాలుగు. వాళ్లకు రెండువందల పదమూడు. సమానమైతే ఓడినట్టేనన్నావుగా? సమానం కాదు, ఒకటి ఎక్కువే. గెలిచాం!”

“ఇంకొకటి కావాలి.”

“ఒకటి చాలదా?”

“చాలదు.”

“అయితే పక్కాయన ఎటూ చెప్పలేదట. వెళ్లి అడుగు. పోయేదేముంది?”

బెనిగ్నా ఇంటి నుంచి తెచ్చిన ఎర్రన్నం డబ్బా తీసుకుని లేచింది.

పక్కగది గుమ్మం దగ్గర ఆగింది. లోపల థార్న్‌బీ బల్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తండ్రి వయసున్న విప్ అతని ముందు నిలబడి బతిమాలుతున్నాడు. “నీ ఒక్క ఓటయ్యా, క్లే. నీ ఒక్కటే!”

“ఆలోచిస్తాను సార్,” అంటూ థార్న్‌బీ డోనట్ కొరికాడు.

ఆలోచిస్తాడట. పన్నెండేళ్లలో ఒక్కరూ, ఒక్కసారీ, ఆమె ముందు అలా నిలబడలేదు. ఇప్పుడు ఆ వరసలో విప్ వెనకాల డబ్బా పట్టుకుని తనూ నిలబడాలా?

డబ్బాతోనే వెనక్కి తిరిగి వచ్చేసింది.

“ఏమన్నాడక్కా?”

“లేడు,” అంది.

సభలో బెనిగ్నా తన సవరణ గురించి మాట్లాడాక ఓటింగ్ మొదలైంది. కార్డు పెట్టి అందరూ ఓట్లు వేస్తున్నారు. గోడ మీద బోర్డులో అంకెలు పాకుతున్నాయి. బెనిగ్నా తన కార్డు పెట్టింది. ఆమె పేరు పక్కన పచ్చదీపం వెలిగింది. థార్న్‌బీ పేరు పక్కన ఏ దీపమూ లేదు.

రెండువందల పద్నాలుగు. రెండువందల పదమూడు. అంకెలు అక్కడే ఆగిపోయాయి. ఇంకో నిమిషం టైముంది.

పైన గ్యాలరీలో నాసియో లేచి నిలబడి గంతులేస్తున్నాడు.

థార్న్‌బీ కోటు చేత్తో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. “ఎంత బాగా మాట్లాడారండీ, బెనిగ్నాగారూ! నిజం చెప్పొద్దూ, ఖర్చెక్కువని మావాళ్లు పొద్దుటి నుంచీ చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. మీరు ఒక్క మాట అడిగితే వాళ్లని కాదని మీకే వేద్దామనుకున్నా. మీరు అడగనే లేదు.” బోర్డు వైపు చూసి నవ్వాడు. “అయినా నా అవసరం రాలేదుగా! ఎటూ వేయకుండా తప్పించుకున్నా. ఊరికి వెళ్లాలి, ఫ్లైటుకి టైమైంది.”

ఇప్పుడైనా అడగొచ్చు. ఒక్క మాట. కానీ ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. ఇతనికి, ఈ ఆవుల రాష్ట్రంవాడికి, తన నోటితో తనే చెప్పుకోవాలి.

“వెళ్లిరండి,” అంది.

అతను నాలుగడుగులు వేశాడు. కికో మంచం కళ్లముందు మెదిలింది. ఆమె చివాలున లేచింది. “క్లే!”

అప్పటికే తలుపు ఊగుతోంది. వాకిట్లో ఎవరో అతని భుజం చుట్టూ చేయి వేసి తీసుకుపోతున్నారు.

టైము అయిపోయింది. గ్యాలరీ చప్పట్లతో మోగిపోయింది. నాసియో పక్కనున్న ఎవరినో కావలించుకున్నాడు. బెనిగ్నా చప్పట్లు కొట్టలేదు. మెల్లగా కూర్చుంది.

సభాపతి స్థానంలో ఉన్నాయన సుత్తి కొట్టి, కాగితంలోకి చూస్తూ చదివాడు: “గువామ్ రాష్ట్రం కాదు గనుక, ఆ సభ్యురాలి ఓటు ఫలితాన్ని మార్చనంతవరకే లెక్కలోకి వస్తుంది, ఇప్పుడది ఫలితాన్ని మార్చింది కాబట్టి, ఆమె ఓటు లేకుండా మళ్లీ ఓటింగ్ జరుపుతున్నాం.”