ముందు ఇరుసు

ఇరుసులు కొనడానికి తానూ వస్తానని తల్లి అన్నప్పుడు కెనెష్ ఆశ్చర్యపోలేదు. దారిలో కుక్క కరుస్తుందేమోనని ఆమె రొట్టెల దుకాణానికి కూడా వెంట వచ్చేది.

అతని జీపు రష్యా సైన్యం ఎప్పుడో వదిలేసిన బండి. వయసులో కెనెష్ కంటే పన్నెండేళ్ళు పెద్దది. ఇరుసులు రెండూ అరిగిపోయి, నడుస్తుంటే ముసలి దగ్గు దగ్గేవి. వాటిని మార్చుకుని, శనివారం మంచుకాలానికి కొండ కనుమ దారి మూసేలోగా అవతలి లోయకు చేరిపోవాలని అతని పట్టుదల. అక్కడ మంచులో ఉండిపోయే గొర్రెల కాపర్లకు వసంతం దాకా పిండీ బొగ్గూ చేరవేసే పని కుదిరింది.

నిరుడు అదే పనికి పక్కింటి తెమిర్‌బెక్ పోయాడు. మూడో మలుపు దగ్గర దొర్లిపోయాడు. ఏప్రిల్లో మంచు కరిగాక దొరికాడు.

"నువ్వు పోవద్దురా" అని తల్లి బురుల్చ వేసవి నుంచీ అంటూనే ఉంది.

"పోతాను. దీవెన ఇస్తావా, ఇవ్వవా?"

తల్లి రెండు చేతులూ చాచి, ముఖం మీదుగా దించి దీవించకుండా ఆ ఊళ్ళో ఎవడూ కనుమ ఎక్కడు. ఎంత మొండివాడైనా ఎక్కడు.

"ఇస్తాలే. ముందు ఆ ఇరుసులేవో నన్ను చూడనీ" అంది బురుల్చ.

సంతలో పాత ఇనుప సామానమ్మే తోక్తొసున్ ఒక జత తీసి పక్కన పెట్టి ఉంచాడు. ముందుదీ వెనకదీ ఒకే బండివి.

"ఎవరి బండి ఇది?" అనడిగింది బురుల్చ.

"ఒక పశువుల డాక్టరుది అక్కా. బోల్తా పడింది. ఇరుసులకేం కాలేదు."

"డాక్టరుకో?"

"డాక్టర్ని నేను అమ్మడం లేదక్కా."

బురుల్చ ముఖం పాలిపోయింది. ఇరుసుల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక చెయ్యి చక్రం బిగించే చోట ఆనించి, రెండో చేత్తో మధ్యనున్న తుప్పుపట్టిన గుండ్రటి బిళ్ళను మెల్లగా తిప్పుతూ పెదవులు కదిపింది. తర్వాత లేచి అవతలి కుప్ప దగ్గరికి పోయింది. అక్కడున్న మూడు ముందు ఇరుసుల దగ్గరా అలాగే కూర్చుని, అలాగే తిప్పింది. సంతకొచ్చినవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

"మా అమ్మ ప్రార్థన చేసుకుంటోంది" అన్నాడు కెనెష్, నేల చూపులు చూస్తూ.

ఆమె చేతులు దులుపుకుంటూ వచ్చింది. "వెనకది తీసుకో. ముందుది వద్దు. చావు ముందు నుంచే వచ్చుంటుంది. అదిగో, ఆ కుప్పలో చివరిది తీసుకో."

"జత విడగొట్టకూడదంటారమ్మా."

"ఎవరంటారు?"

కెనెష్‌కు తెలియదు. ఎవరో అన్నారు, అంతే.

"ఆకారం ఒకటే, బోల్టులొకటే. ఏదైతేనేం తమ్ముడూ" అన్నాడు తోక్తొసున్, ఏది అమ్ముడుపోయినా లాభమే గనుక.

"సరే, జతే తీసుకో. దీవెన కూడా దాన్నే అడుగు" అంది బురుల్చ.

కెనెష్ వెనకదీ, కుప్పలో చివరిదీ తీసుకున్నాడు.

మెకానిక్ మాంబెత్ రెండు రోజులు బండి కింద దూరి పనిచేశాడు. బురుల్చ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రెండు రోజులూ కాపలా కాసింది. కొత్తగా వచ్చిన ఇనుముకు దేవదారు పొగ వేసింది. మాంబెత్‌కు దగ్గు వచ్చింది.

"బండికి ఆనించిన ఆ రాయి జారదు కదా తమ్ముడూ?"

"జారదక్కా."

"జారితే?"

"జారితే నన్ను తిట్టు."

"నువ్వు కింద ఉంటావు. ఎవర్ని తిట్టను?"

శుక్రవారం మధ్యాహ్నం బండి దింపారు. వెనక చక్రాల బలంతోనే ఊరంతా తిరిగొచ్చింది. దగ్గు లేదు. కెనెష్ నవ్వుతూ ఇంజనును నాలుగు చక్రాలకూ కలిపే పిడి లాగాడు. బండి ఇరవై అడుగులు నడిచి, మూలిగి, ఎండిన నేల మీదే బిగుసుకుపోయింది.

మాంబెత్ బండి ఎత్తి, చక్రాలు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు.

"వెనక చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇరుసు మధ్య బిళ్ళను నాలుగున్నర చుట్లు తిప్పాలి. ముందుదానికి ఐదు. పైకి కవలలేరా, లోపల పళ్ళు వేరు. కలిపితే ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి. జతే తెచ్చావనుకుని నేనూ చూడలేదు."

"వెనక చక్రాలతోనే పోతే?"

"మంచులోనా? గొర్రెను నిచ్చెనెక్కించినట్టే."

"దీని జత, డాక్టరు బండిది, సంతలోనే వదిలేశాం. దాన్ని తెచ్చి మారిస్తే?"

"అది ఈపాటికి అమ్ముడైపోయి ఉంటుంది. ఉన్నా, విప్పి బిగించడానికి రెండు రోజులు. రేపు సాయంత్రం కనుమ మూస్తున్నారు."

 కెనెష్ తల్లి వైపు తిరిగాడు. "ముందుది వద్దన్నావు గదమ్మా."

బురుల్చ తలగుడ్డ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "భయపడ్డానురా. ఇనుము సంగతి నాకేం తెలుసు?"

"ఆమెనెందుకంటావు? అమ్మను సంతకు తీసుకుపోయినవాడిదే తప్పు" అన్నాడు మాంబెత్.

శనివారం సాయంత్రం కనుమ దారికి అడ్డంగా దూలం దించారు. అవతలి లోయ పని ఇంకెవరికో పోయింది. కెనెష్ తలవంచుకుని నూడుల్సు తిన్నాడు. కాసేపయ్యాక గిన్నె మళ్ళీ ముందుకు తోశాడు. బురుల్చ నిండా వడ్డించింది.

పెళ్ళికి ముందు ఆమె ఏం చేసేదో ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు గానీ, అడిగి ఉంటే చెప్పేదే, పట్టణంలో సైన్యం బండ్లు బాగుచేసే డిపోలో ఆరేళ్ళపాటు చుట్లు లెక్కపెట్టి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ జత కుదిర్చేదాన్నని.