మామగారి హోస్ట్

"ఇదీ వద్దమ్మా," అన్నారు మామగారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

"ఇది నాలుగోది మామయ్యా! ఇక దేని మీద కడతారు?" కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది.

రిటైరైన లెక్కల మాస్టారికి ఉన్నట్టుండి పిచ్చి పట్టింది. కంప్యూటర్ని నడిపే లినక్స్‌ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కట్టుకోవాలట! అలా కట్టాలంటే ముందు ఇంకో లినక్స్ ఉండాలి. దాన్నే హోస్ట్ అంటారు. ఆ హోస్టేదో తేలకుండానే మూడు వారాలు గడిచిపోయాయి.

కోడలికి ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు. "నాకేమీ రాదు" అంటూ లాప్‌టాప్ మూలన పడేసింది. శుక్రవారం ఇంటర్వ్యూకి పిలుపొస్తే వెళ్లనని మొండికేసింది. ఈయనేమో రోజూ పొద్దున్నే కాఫీ తాగి, ఆ లాప్‌టాప్ దులిపి తెచ్చి ఆమె ముందు పెట్టేవారు.

"మీ పాత లాప్‌టాప్‌లో కట్టుకోవచ్చుగా?"

"అమ్మో, దాన్ని కదిపితే చస్తుంది. ముట్టుకోకు తల్లీ!"

"సరే, దీనికేం రోగం?"

"sh అని కమాండ్ కొడితే బాష్ అనే షెల్‌కి పోవాలి కదా, ఇది డాష్ అనే ఇంకోదానికి పోతోంది."

"అబ్బా, ఒక్క లింకు మారిస్తే సరి! ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"ఎక్కడో చదివాలే. ఏదీ, ఎలా మారుస్తారు?"

ఆమె వేళ్లు టకటకా కదిలాయి. గురువారానికి ఆయన్ని కసురుకునేదాకా వచ్చింది. "హోస్ట్ ఏదైతేనేం మామయ్యా! పనిముట్లు ఉండాలి, వెర్షన్లు సరిపోవాలి. కొత్తది తనంతట తాను లేచాక హోస్ట్‌తో పనే ఉండదు."

"అంతేనంటావా? అయితే మొదలెట్టు," అని నవ్వారాయన.

మొదలెట్టింది. మర్నాడు, "ఓ గంటలో వస్తా, లినక్స్ బిల్డ్ అవుతోంది, ఆగకుండా చూస్తుండండి," అని ఇంటర్వ్యూకి వెళ్లింది. ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఏం చేశారని వాళ్లడిగితే, హోస్టుల గురించి అరగంట గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

మధ్యాహ్నానికల్లా ఉద్యోగం ఖాయమైంది. మామగారు ఆనందం పట్టలేక స్వీట్లకి పరిగెత్తారు. ఒప్పుకుంటున్నట్టు వెంటనే జవాబు పంపాలి. తన లాప్‌టాప్ చూస్తే బిల్డ్‌తో ఊపిరాడక కొట్టుకుంటోంది. చేసేది లేక ఆయన పాతది తెరిచింది.

అది చావలేదు, చక్కగా లేచింది. తెర మీద రెండు ముక్కలు కనిపించాయి: "సోర్స్ నుంచి సొంతంగా కట్టుకున్నది. కట్టింది లెక్కల మాస్టారు." కింద తేదీ ఉంది.

తొమ్మిదేళ్ల కిందటిది.